అతిథికిచ్చిన నా పేరు

ఆ ఏడు జూన్ నెలంతా నా తోటికోడలి నవ్వులు లెక్కపెట్టుకుంటూ గడిపాను. పొద్దున పాలు తెచ్చేవాళ్ళతో ఒకటి, సంతకి వెళ్ళేవాళ్ళతో ఒకటి, మా ఆయనతో రెండు, మా అత్తగారితో లెక్కలేనన్ని. నాతోనూ నవ్వేది. వాటిని మాత్రం నేను లెక్కలో వేసుకోలేదు. కుళ్ళుబోతు లెక్క అలాగే ఉంటుంది.

తనని అందరూ అకీకి అంటారు. నన్ను అబ్వోలి అంటారు. ఇవి మా పేర్లు కావు. మా టోరో సీమలో పుట్టిన ప్రతి బిడ్డకీ పేరుతో పాటు ముద్దుగా, మర్యాదగా పిలుచుకోవడానికి ఇంకో పిలుపు ఇస్తారు. దాన్ని ఎంపాకో అంటాం. ఉన్నవే ఓ డజను కాబట్టి ఏ సంతలో అరిచినా నలుగురు అబ్వోలిలు వెనక్కి తిరుగుతారు. తల్లి బిడ్డనీ, మొగుడు పెళ్ళాన్నీ, దారినపోయే మనిషి ఎదురైన మనిషినీ పిలిచేది ఆ పిలుపుతోనే. అసలు పేరు బడి రిజిస్టరుకీ, ఆసుపత్రి చీటీకీ, తగాదాకీ.

సరస్సు మీది కొండవాలులో మాది ఒకటే వాకిలి, రెండు ఇళ్ళు. ఒక దాంట్లో నేనూ, మా ఆయన అరాలీ, మా అత్తగారూ. రెండో దాంట్లో మా మరిది అపూలీ, అకీకీ. నేను ఆ వాకిట్లో కాలు పెట్టి పదిహేనేళ్ళు. తను వచ్చి మూడేళ్ళు. అంతకు ముందు రాజధాని కంపాలాలో ఏదో హోటల్లో, వచ్చినవాళ్ళకి గది తాళం చెవులు ఇచ్చే బల్ల దగ్గర పనిచేసింది. మూడేళ్ళలోనే పొరుగూరివాళ్ళు మా ఇంటిని 'అకీకి వాళ్ళ ఇల్లు' అనడం మొదలుపెట్టారు. ఆ మాట మొదటిసారి విన్నరోజు నేను చేతిలో ఉన్న రాగులు సగం కోళ్ళకి పారబోశాను.

మే చివర్లో ఫోర్ట్ పోర్టల్ పట్నం నుంచి కాహ్వా అనే ఆయన మోటారుసైకిలు మీద వచ్చాడు. విదేశీ యాత్రికుల్ని మా వైపు రప్పించే సంఘంలో ఊరూరా తిరిగే ఉద్యోగం అతనిది. స్టూలు మీద కూర్చుని, హెల్మెట్ మోకాలికి తగిలించుకుని మొదలుపెట్టాడు.

"చింపాంజీల కోసం మన అడవికి ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. పొద్దున చింపాంజీలు, మధ్యాహ్నం బండి, చీకటి పడేలోపు సింహాల పార్కు. మన ఊరు వాళ్ళకి కిటికీలోంచి కనిపించే పచ్చరంగు, అంతే. ఒక్క పూట బండి దిగితే చాలు."

"దిగి ఏం చూస్తారు? నా అరటితోటా?" అన్నాడు మా ఆయన.

"అదే చూస్తారు. నవ్వకు అరాలీ. సంకటి ఎలా కెలుకుతారో, బుట్ట ఎలా అల్లుతారో చూడాలని ఉంటుంది వాళ్ళకి. కాకపోతే ఆ వచ్చేవాళ్ళని బతిమాలి లాభం లేదు. పంపేవాళ్ళని పట్టుకోవాలి. ఎక్కడో హాలండ్‌లో, జర్మనీలో ఆఫీసులో కూర్చుని, ఇక్కడ దిగండి, ఇక్కడ తినండి, ఇక్కడ పడుకోండి అని పుస్తకం అచ్చేస్తారు చూడు, వాళ్ళని. అలాంటివాళ్ళు నలుగురు వచ్చే నెల వస్తున్నారు. సరస్సు చుట్టూ మూడిళ్ళు చూపిస్తాను. ఒక్కదాన్ని ఎంచుకుంటారు."

మా వాకిలి అతనికి నచ్చింది. ఎర్రమట్టితో అలికిన గోడలూ, వాటి మీద తెల్లటి ముగ్గుగీతలూ, వరసగా ఆరబెట్టిన బుట్టలూ తిరిగి తిరిగి చూశాడు. అవన్నీ నా చేతివే. నేను కొంచెం ముందుకు జరిగి నిలబడ్డాను.

"ఇంతకీ ఈ ఇంట్లో ఇంగ్లీషు ఎవరు మాట్లాడతారు?" అన్నాడు.

అందరి మెడలూ ఒక్కసారి అకీకి వైపు తిరిగాయి. మా అత్తగారిది కూడా. ఆవిడకి చెవులు సరిగ్గా వినబడవు, ఆ ప్రశ్న మాత్రం వినబడింది.

ఆ మూడు వారాలూ ఇద్దరం ఒళ్ళు దాచుకోకుండా పనిచేశాం. నేను గోడలు మళ్ళీ అలికాను. సంకటి పెట్టే మూతబుట్టలు కొత్తవి ఆరు అల్లాను. అతిథులు రాగానే నమలడానికి ఇచ్చే కాఫీ గింజలు ఉడికించి, ఎండబెట్టి, వేయించాను. తను దోమతెరలు కట్టింది, మరుగుదొడ్డికి తలుపు పెట్టించింది, నీళ్ళు ఎంతసేపు మరగాలో అందరికీ పాఠం చెప్పింది.

"అబ్వోలీ, సంకటి కాస్త మెత్తగా కెలుకుతారా? అంత గట్టిది వాళ్ళకి గొంతు దిగదేమో," అంది ఒకరోజు.

"దిగకపోతే నీ నవ్వు నంజుకుంటారులే," అన్నాను.

తను పకపకా నవ్వింది. వెంటనే వెళ్ళి ఆ మాట మా అత్తగారికి చెప్పింది. ఆవిడ బోసినోటితో నవ్వుతూ, "నీ నవ్వు ఉప్పగా ఉంటుందటే?" అని అకీకి బుగ్గ గిల్లింది. మాట నాది, బుగ్గ తనది.

నాకు ఒక్క ఆశ ఉండేది. ఇంటికొచ్చిన పరాయి మనిషికి ఎంపాకో ఇచ్చి మనలో కలుపుకోవడం మా ఆనవాయితీ. ఇంటి పెద్దావిడ ఇవ్వాలి. మా అత్తగారికి ఓపిక తగ్గింది కాబట్టి ఈసారి పెద్దకోడలిగా అది నాకే వస్తుందనుకున్నాను. వచ్చేవాళ్ళ మొహాలు చూడకుండానే ఎవరికి ఏ పిలుపు ఇవ్వాలో సరస్సు దారిలో నడుస్తూ మనసులో పదిసార్లు పంచిపెట్టాను. ఇంట్లో మాత్రం ఎవరితోనూ అనలేదు. పెద్దకోడలు అడిగి తీసుకోవడమేమిటని నా పొగరు.

జూన్ మూడో వారంలో వాళ్ళ బండి వచ్చింది. మధ్యాహ్నం ఎండ. ఒక జర్మనీ పొడుగాయన, ఇంగ్లండు నుంచి మొగుడూ పెళ్ళాం, హాలండ్ నుంచి అన్నెలీస్ అనే ఆవిడ. నెరిసిన జుట్టు, చేతిలో నోటుపుస్తకం. ఈవిడ చెప్పిన మాటే మిగతావాళ్ళు వింటారని కాహ్వా ముందే మా చెవిలో వేశాడు.

అకీకి వాళ్ళని చాపల మీద కూర్చోబెట్టింది. మోకాళ్ళ మీద వంగి పలకరించింది. ఎంపాకో అంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పింది. అంతమాత్రం ఇంగ్లీషు నాకూ వస్తుంది.

"మా మీద ప్రేమ ఉన్నవాళ్ళందరూ ఎంపాకోతో పిలుస్తారు. ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిచారంటే కోపం వచ్చిందని అర్థం. అప్పుడు మీరు చెప్పులు వెతుక్కోవచ్చు."

వాళ్ళు పడీ పడీ నవ్వారు. అన్నెలీస్ రాసుకుంది.

నేను వంటింట్లో ఉన్నాను. పొట్టు తీసి మెదిపిన చిక్కుడుగింజల కూర దించి, సంకటి కెలికి, వేడి పోకుండా బుట్టల్లో పెట్టి మూతలు వేసి పంపించాను. పొగకి కళ్ళు మండుతున్నాయి. గుమ్మంలోకి వచ్చి నిలబడేసరికి అన్నెలీస్ మూత చేతిలోకి తీసుకుని, తిప్పి, అల్లిక మీద వేలితో రాస్తూ అకీకిని ఏదో అడుగుతోంది. అకీకి గడ్డంతో వంటింటి వైపు చూపించి నవ్వింది. ఇద్దరూ నా వైపు చూశారు. చెమటా మసీ పట్టిన నా మొహాన్ని చూసి నవ్వుకుంటున్నారనుకున్నాను. తల తిప్పుకున్నాను.

తర్వాత కాహ్వా, "ఇక పేర్లు," అని చప్పట్లు కొట్టాడు. నేను చేతులు తుడుచుకున్నాను. మా అత్తగారు గొంతు సవరించుకుని, "నా నోరు తిరగదు. అకీకీ, నువ్వు కానియ్," అంది.

అలా తేలిగ్గా, ఉప్పు అందించమన్నట్టు ఇచ్చేసింది.

అకీకి జర్మనీ ఆయనకి ఒక పిలుపు ఇచ్చింది. మొగుడూ పెళ్ళాలకి చెరొకటి ఇచ్చింది. చివరికి అన్నెలీస్ రెండు చేతులూ పట్టుకుని, "మీరు అబ్వోలి," అంది.

డజను పిలుపులున్నాయి. అందులో ఆ మనిషికి దొరికింది నాది. అబ్వోలిలు ఊరంతా ఉన్నారు, నిజమే, వాళ్ళెవరి మీదా నాకు ఏనాడూ పట్టింపు లేదు. కానీ నా ఇంట్లో, నేను అలికిన వాకిట్లో, నేను ఉండగా, నా పిలుపు తీసి తనకి నచ్చినవాళ్ళకి ఇచ్చింది. నువ్వు వంటింట్లో ఉండు, నీకంటే మంచి అబ్వోలిని తెచ్చుకున్నాం అన్నట్టే వినబడింది నాకు.

అక్కడి నుంచి అందరికీ అదో ఆట అయింది. "అబ్వోలీ, ఇలా రా," అంది మా అత్తగారు. నేను రెండడుగులు వేశాను. ఆవిడ పిలిచింది అన్నెలీస్‌ని. అరటిపండు ఇవ్వడానికి. "అబ్వోలీ, ఫోటో," అన్నాడు మా మరిది. మళ్ళీ తిరిగాను. మళ్ళీ నేను కాదు. మా ఆయన కూడా నవ్వాడు. ఆయన నవ్వకుండా ఉండాల్సింది.

అప్పుడు అకీకి చాప మీద నుంచే, "అబ్వోలీ, కాసిని నీళ్ళు," అంది. అన్నెలీస్ తననేమో అనుకుని లేవబోయింది. అందరూ గొల్లుమన్నారు.

"నీళ్ళు నువ్వే తెచ్చుకో, బసేమెరా," అన్నాను.

గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం లేకపోయింది. మా మరిది చేతిలో అరటిపండు సగం ఒలిచి ఆగిపోయింది. కాహ్వా తన బూట్ల వైపు చూసుకున్నాడు. ఆ ఇంట్లో తనని బసేమెరా అని ఎవరూ పిలిచి ఎరగరు. ఆ పేరు పెళ్ళిరోజు పాస్టరుగారు చదవగా నేను విన్నాను. అంతవరకు మా భాష ఒక్క ముక్క రాని ఆ నలుగురికి కూడా ఏం జరిగిందో అర్థమైంది. గంటక్రితం పాఠం చెప్పించుకున్నారు కదా. అన్నెలీస్ కలం పుస్తకం మీద ఆగింది.

అకీకి లేచి వెళ్ళి నీళ్ళు తెచ్చింది. ఒక్కొక్కరికీ పోసింది. వాళ్ళని చూసి నవ్వుతూనే పోసింది. ఆ నవ్వులు కూడా లెక్కపెట్టాను. నాలుగు.

బండి వెళ్ళిపోయాక మా ఆయన అడిగాడు. "ఎందుకన్నావు?"

"నోరు జారింది."

"పదిహేనేళ్ళలో నన్ను ఎన్ని తిట్టావు. ఒక్కసారి పేరు పెట్టి పిలిచావా? నీ మేకలు తోటలో పడి మొక్కలన్నీ మేసినప్పుడు నేను వాటిని కొడితే, ఆ రోజు కూడా పిలవలేదు. నోరు జారడం నీకు రాదు."

అకీకి నా పిలుపు తీసి ఇచ్చిందని చెబితే ఆయన మళ్ళీ నవ్వుతాడేమోనని భయం.

వారం తిరక్కుండా మా మరిది సామాను కట్టాడు. తగాదా లేదు, పంచాయితీ లేదు. రోడ్డు మీది లాడ్జిలో అకీకికి పని దొరికిందనీ, రోజూ కొండ దిగి వెళ్ళడం కష్టమనీ చెప్పారు. తను మా అత్తగారి ముందు మోకరిల్లి సెలవు తీసుకుంది. నా ముందుకి వచ్చి, "వెళ్ళొస్తాను," అంది. ఆ మాటకి ముందు పేరూ లేదు, పిలుపూ లేదు.

నిజం చెప్పాలంటే మొదటి నాలుగు రోజులూ హాయిగా ఉంది. లెక్కపెట్టడానికి నవ్వులు లేవు. అయిదో రోజు మా అత్తగారు ఖాళీ ఇంటి గుమ్మం దగ్గరికి వెళ్ళి, "అకీకీ, పిల్లా," అని పిలిచి, జవాబు రాక, తనకే వినబడలేదేమోనని చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నిలబడింది. నేను వెళ్ళి ఆవిడని లోపలికి తీసుకొచ్చాను. "తను లేదు అత్తయ్యా," అంటే, "నువ్వు అంటే వెళ్ళింది, నువ్వు అంటే వస్తుంది," అని చెయ్యి విడిపించుకుంది.

జూలై ఆఖర్లో కాహ్వా మళ్ళీ వచ్చాడు. సంచిలోంచి రంగుల కాగితం తీశాడు. అందులో నా బుట్టమూత ఫోటో ఉంది, అన్నెలీస్ వేలు దాని మీద ఉంది. పైన పెద్ద అక్షరాలతో 'అబ్వోలి ఇల్లు' అని రాసి ఉంది.

"మీ ఇంటినే తీసుకున్నారు. ఆగస్టులో మొదటి బండి. ఇది బాగా జరిగితే వచ్చే ఏడు పుస్తకంలో పడుతుంది," అన్నాడు.

"ఆవిడ పేరే పెట్టుకుంది," అన్నాను.

"ఎవరు? అన్నెలీసా? పిచ్చిదానా, ఇది నువ్వు. ఉత్తరం చదువుతాను విను." చదివాడు. ఒక్కొక్క వాక్యం ఇంగ్లీషులో చదివి మా మాటల్లో చెప్పాడు. "ఈ బుట్టలు ఎవరు అల్లారు, ఈ గోడలు ఎవరు అలికారు, ఇంత రుచిగా ఎవరు వండారు అని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ ఒకే మనిషిని చూపించారు. ఆ చేతుల పేరే నాకూ కావాలని అడిగాను. అకీకి ఇచ్చింది."

నేను కాగితం వైపే చూస్తున్నాను. ఇలాంటప్పుడు పశ్చాత్తాపం రావాలి. నాకు ముందు వచ్చింది అది కాదు. ఆ సంగతి నాకు అప్పుడే చెప్పి చావొచ్చు కదా అని కోపం వచ్చింది. అంత మంచిపని నాకు తెలియకుండా చేసినందుకు ఇంకాస్త కుళ్ళు వచ్చింది. మిగతాది ఆ తర్వాత, కాహ్వా హెల్మెట్ పెట్టుకుంటూ ఉండగా వచ్చింది.

"కింద ఇంకో ముక్క రాశారు," అన్నాడు అతను. "ఆ ఇద్దరూ ఉంటేనే పంపుతారట. వాకిట్లో మాట పట్టింపులుంటే వచ్చినవాళ్ళు నలిగిపోతారు, అది మాకు వద్దు అన్నారు. ఇద్దరిలో ఎవరు లేకపోయినా అవతలి ఒడ్డు వాళ్ళింటికి మారుస్తారు. ఆవిడకి అన్నీ అర్థమయ్యాయి అబ్వోలీ. నాకే ఆ రోజు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు."

మర్నాడు కాఫీ గింజల పొట్లం కట్టుకుని కొండ దిగాను. లాడ్జి వెనక చిన్న గది. అకీకి ఇస్త్రీ చేసుకుంటోంది. పనిలో వేసుకునే నీలం జాకెట్టు. నన్ను చూసి ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

"అకీకీ," అన్నాను. నలభై రోజుల తర్వాత ఆ మాట నా నోట్లోంచి వచ్చింది.

"ఏం కావాలి, కునిహిరా?" అంది.

కునిహిరా నా పేరు. బడిలో హాజరు వేసేటప్పుడు విన్నాను, మందుల చీటీ మీద చూశాను. ఇంటిమనిషి నోట వినడం అదే మొదలు. గొంతు పెంచలేదు తను కూడా. నేను అన్నప్పుడు తనకి ఎలా ఉండి ఉంటుందో అక్కడ, ఆ గుమ్మంలో తెలిసింది. తను అన్నది తప్పని నేనెలా అనగలను?

"ఆవిడకి నా పిలుపు ఎందుకిచ్చావో నాకు చెప్పలేదేం?"

"చెప్పే సందు ఇచ్చారా? ఈ చేతులు ఎవరివని అడిగింది. మిమ్మల్ని చూపించాను. గుమ్మంలోనే ఉన్నారు. చూసి మొహం తిప్పుకున్నారు."

"నన్ను చూసి నవ్వుకుంటున్నారనుకున్నాను."

"అందరినీ చూసి నవ్వుతాను. హోటల్లో జీతమిచ్చి నేర్పారు. మిమ్మల్ని చూసి నవ్వేది మాత్రం ఎవరూ నేర్పింది కాదు."

నాకు అబద్ధం చెప్పే ఓపిక లేకపోయింది. "నువ్వంటే నాకు కుళ్ళు," అన్నాను.

"తెలుసు. ఊరందరికీ తెలుసు. మీ మేకలకి కూడా తెలుసు."

ఇంకో రోజైతే ఇద్దరం నవ్వేవాళ్ళం. తను మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకుంది. "కాహ్వా నా దగ్గరికీ వచ్చాడు. గురువారం బండికి వస్తాను. ఆ రోజు వచ్చినవాళ్ళకి నేనుంటానని మాటిచ్చాను కాబట్టి వస్తాను. సాయంత్రానికి వెళ్ళిపోతాను."

పొట్లం అందించాను. తీసుకుంది. విప్పలేదు. కిటికీలో పెట్టింది.

గురువారం ఎనిమిది మంది దిగారు. అకీకి వాళ్ళని చాపల మీద కూర్చోబెట్టింది. మా అత్తగారు తన చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఎంపాకో గురించి చెప్పింది. ప్రేమ ఉన్నవాళ్ళు అలా పిలుస్తారని చెప్పింది. కోపం వస్తే పేరు పెట్టి పిలుస్తారన్న ముక్కా, చెప్పులు వెతుక్కోవడమూ మాత్రం చెప్పలేదు. ఆ వాక్యం రావాల్సిన చోట నేను తలవంచుకున్నాను. తను దాన్ని దాటుకుంటూ వెళ్ళిపోయింది. మా అత్తగారు ఈసారి నా వైపు చెయ్యి చూపితే వచ్చినవాళ్ళందరికీ నేనే పిలుపులు ఇచ్చాను. సరస్సు దారిలో అన్నిసార్లు పంచుకున్న పని. చేస్తుంటే చప్పగా ఉంది.

భోజనాలకి ముందు చెంబుతో చేతుల మీద నీళ్ళు పోస్తున్నాను. మొహమంతా మచ్చలున్న ఒక చిన్నపిల్లలాంటి అమ్మాయి, పాతికేళ్ళుంటాయేమో, చేతులు చాచి, నన్ను చూసి, అకీకి వైపు తిరిగి అడిగింది. "మాకందరికీ ఇచ్చారు. మరి ఈవిడ ఎంపాకో ఏమిటి?"

అకీకి నా వైపు చూసింది. నా చేతిలో చెంబు వంగే ఉంది. ఆ పిల్ల చేతులు నిండిపోయి నీళ్ళు చాప మీద కారుతున్నాయి. నేను ఆపలేదు.

"అబ్వోలి," అంది అకీకి.

ఎంత మెత్తగా అంది. మూడేళ్ళు రోజుకి ఇరవైసార్లు విన్న మాట, ఎన్నడూ చెవిన పెట్టని మాట. ఆ అమ్మాయి సంబరంగా దాన్ని తప్పుగా పలికింది. అకీకి సరిచేసి మళ్ళీ అంది. "అబ్వోలి." ఇంకోసారి తప్పుగా పలికితే బాగుండునని నిలబడ్డాను.

కానీ తను చూస్తున్నది ఆ అమ్మాయిని. చెప్పింది ఆ అమ్మాయికి. నేను ఆ ఇద్దరి మధ్యా చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాను. నా పిలుపు నన్ను దాటి ఆ పిల్ల దగ్గరికి వెళ్ళింది. ఆ పిల్ల మీద నాకు ఎంత కుళ్ళు పుట్టిందో చెప్పలేను.